కడవెడు నీటి చలువ

రోహిణికార్తెలో రోళ్ళు పగులునను సామెత కృష్ణా గోదావరీ తీరములవారికి అనుభవసిద్ధమే కావచ్చును గాని, అనంతపుర పీఠభూమి పంచాంగము వేఱు. శివరాత్రితో చలి సెలవు పుచ్చుకొన్న పదిదినములకే ఇచ్చట మిట్టమధ్యాహ్నము బండపై పాదము మోపుట కష్టమగును; ఏప్రిల్ వచ్చునప్పటికి పగటి ఉష్ణోగ్రత సగటున 39 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమునకు చేరి, చెడుదినములలో 42ను దాటి, మే నడిమి వఱకు అట్లే నిలిచి, తీరా రోహిణి ప్రవేశించు మే 25 నాటికి పడమటినుండి గాలి లేచి, ఉఱుములతో ఒకటి రెండు జల్లులు పడి, కోస్తావారు ఉక్కపోతలో కుమిలిపోవుచున్న ఆ వేళకే ఇక్కడి రైతులు అరుగులపై కూర్చుండి విత్తనపు చెనక్కాయలు ఒలుచుకొనుచుందురు. అందుచేత మే నెల వచ్చిన పిమ్మట వేసవి జాగ్రత్తలను గూర్చి ప్రకటనలు వెలువరించు వాడుక, బెజవాడకు ఎట్లున్నను, అనంతపురమునకు మాత్రము పెండ్లి యయిన పిమ్మట బాజాలు తెచ్చినట్లుండును.

ఈ యెండకు మఱియొక లక్షణము కలదు. అది తెలియనిదే దీనినుండి తప్పించుకొను ఉపాయములను గూర్చి మాటలాడుట వృథా. అరేబియా సముద్రపు మేఘములు పడమటి కనుమలయందే తమ భారమును దింపుకొని వచ్చుటచేతను, బంగాళాఖాతపు తేమ యింతదూరము చేరులోపల సన్నగిల్లుటచేతను, ఏటికి 550 మిల్లీమీటర్ల ప్రాంతపు వర్షముతో తృప్తిపడవలసిన యీ నేలమీద వేసవి మధ్యాహ్నపు గాలిలో తేమ నూటికి ఇరువదియైదు పాళ్ళకు దిగుట పరిపాటి. ఉష్ణమాపకపు కొనకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచినచో అది ఎంతవఱకు దిగునో అంతవఱకే నీటి ఆవిరిచేత దేనినైనను చల్లబఱచుట సాధ్యమని భౌతికశాస్త్రము చెప్పును. గాలి 40 డిగ్రీలును తేమ నూటికి 25 పాళ్ళును ఉన్నచోట ఆ తడిగుడ్డ ఉష్ణమాపకము 24 డిగ్రీల ప్రాంతమునకు దిగును. గాలి 38 డిగ్రీలే యైనను తేమ అఱువది పాళ్ళున్న సముద్రతీర పట్టణమున అది 31 వద్దనే నిలిచిపోవును. మచిలీపట్టణమున మొగము వ్రేలాడవేసిన కుండయే అనంతపురమున గొప్ప యంత్రమగుటకు కారణమిదే. ఒక లీటరు నీరు ఆవిరియగుచు హరించు వేడి, ఏబదియెనిమిది లీటర్ల నీటిని పది డిగ్రీలు చల్లార్చుటకు చాలినంత. కుండ చెమర్చుట, నీటిసీసాకు తడిగోనె చుట్టుట, కిటికీకి వట్టివేళ్ళ తడకను కట్టి నీళ్ళు చిలుకరించుట, ఈనాటి బజారులో దొరకు గడ్డిమెత్తల కూలరు, ఇవన్నియు ఒక్క సూత్రమునకు వేర్వేఱు వేషములు. వేలకు వేలు పోసి కొన్న ఏసీ లోపలి వేడిని వీధిలోనికి త్రోయును. కుండకు ఆ దోషము లేదు.

గాలి యింత ఉదారముగ ఇచ్చిన సౌకర్యమును వాడుకొనుటకు కావలసిన ద్రవ్యము ఒక్కటే, నీరు. ఆ నీరే యిచ్చట లేదు. ఏడాది పొడవునను ఇక్కడి ఎండ ఆవిరి చేయగల నీరు, కురిసిన వానకు సుమారు మూడింతలు. ఒక కూలరు ఒక దినమున త్రాగు నీరు, బోరు ఎండిన పల్లెలో ఒక సంసారమునకు వంటకును దప్పికకును సరిపోవు నీరు. ఈ చిక్కును దృష్టియందుంచుకొనక, నీడపట్టున ఉండుడు, నీరు విరివిగ త్రాగుడు, నూలుబట్టలు కట్టుడు అని హితవు చెప్పుట, ఆకలితో ఉన్నవానికి అరుగుదలను గూర్చి ఉపన్యసించుట వంటిది. అనంతపురమున చలువ యనునది వైద్యుని ప్రశ్నగా మొదలై, నీటి పంపకపు ప్రశ్నగా పరిణమించును.

అయినను దేహము సంగతి మొదట చెప్పవలెను. మనుష్యదేహమును వేదాంతులు ఘటమనిరి. వేసవివేళ అది అక్షరాలా చెమర్చు కుండయే. ఎండలో గడ్డపార పట్టినవాడు గంటకు ఒక లీటరు చెమట పోయుట వింతకాదు. సముద్రతీరమున ఆ చెమట ఒడలిపై నిలిచి, చొక్కాను తడిపి, చిరాకు పుట్టించి, మనుష్యుని నీటిచెంతకు తఱుమును. ఈ పీఠభూమిపై పొడిగాలి దానిని పుట్టినచోటనే హరించుటచేత, చెమటయే పట్టలేదని పనివాడు భ్రమపడును. చొక్కాపై తెల్లని ఉప్పుచారలు తేలినప్పుడు గాని పోయిన నీటి లెక్క తెలియదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రములలో కలిసి రెండువేలమందికి పైగా వడగాడ్పులకు బలియైనప్పుడు ఆంధ్రప్రదేశమున మిక్కిలి నష్టపడినవి ప్రకాశము మొదలగు కోస్తా జిల్లాలు. మన ఎండ పొడి ఎండ, మనకు భయము లేదని అనంతపురమువారు కొందఱు అనుకొనుటకు అది ఊతమిచ్చినది. ఈ ధైర్యము సరికాదు. తేమగల వేడి త్వరగా పడద్రోయును; పొడివేడి చెప్పక దోచుకొనును. దప్పిక పుట్టినప్పుడు త్రాగుదమనుకొనువాడు అప్పటికే ఆలస్యము చేసినవాడు.

పోయినది నీరు మాత్రమే కాదు, ఉప్పు కూడ. ఈ సంగతి ఏ ప్రయోగశాల చెప్పకమునుపే తెలిసిన వంట యిది: రాత్రి వండిన రాగిసంగటిని ఉదయము మజ్జిగలో పిసికి, ఉప్పు వేసి, ఉల్లిపాయ కొఱుకుచు త్రాగి పొలమునకు పోవుట. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి పెట్టు భోజనములను వర్ణించుచు, వేసవి విస్తరిలో పలుచని అంబలిని, ఎడనీళ్ళను, చెఱకురసమును, నీరుమజ్జిగను చేర్చినాడు. చక్రవర్తి కావ్యమునకెక్కిన ఆ అంబలియే ఇచ్చట కూలివాని ముంతలోను ఉండెను. సామ్రాజ్యము పోయినను ముంత పోలేదు. ఇటీవల మాత్రము దాని స్థానమును రంగునీళ్ళ సీసాలు ఆక్రమించుచున్నవి. చీనీతోటలకు పేరుపడిన జిల్లాలో, తోటగట్టున నిలుచుండి, ఎక్కడో కార్ఖానాలో పుట్టిన నారింజరంగు చక్కెరనీళ్ళను త్రాగుచున్న యువకుని చూచినప్పుడు నవ్వవలెనో వగవవలెనో తోచదు. చీనీరసము, నన్నారి, సబ్జాగింజల నీళ్ళు, కళింగర ముక్క, ఇవన్నియు మంచివే. అయినను వీనిలో ఏదియు ఉప్పుమజ్జిగకు సాటిరాదని నా తీర్పు.

ఇక గృహము. రాయలసీమ మిద్దెను చూచి పేదతనపు నిర్మాణమని పెదవి విఱచిన తరమొకటి గడచినది. మూరెడు మందపు ఱాతిగోడలు, దూలములపై దంతెలు, వానిపై బండలు, ఆపైన జానెడు చౌడుమట్టి, నడుమ వెలుతురునకును వేడిగాలి వెడలుటకును గవాచి, ఇది పాతమిద్దె. పగటి ఎండ ఆ మట్టిలో దిగి దిగి లోపలి ముఖమును చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకును. అప్పటికి ఇంటివారు నులకమంచములు మిద్దెపైకి చేర్చియుందురు. పగలు లోపలను, రాత్రి పైనను నివసించు ఈ యేర్పాటు వలన, గోడలలో దాగిన వేడి ఎవరిని బాధింపకయే రాత్రిగాలిలో కలిసిపోయెడిది. పీఠభూమి రాత్రులు చల్లబడును. తేమలేని ఆకాశము నేల వేడిని అడ్డగింపదు. ఆ రాత్రియే ఇక్కడివారి నిజమైన వేసవి ఆస్తి.

ఇప్పుడు వెలసిన కాలనీలలో నాలుగంగుళముల సిమెంటు స్లాబు, లేదా రేకుల కప్పు. రేకు సంగతి చెప్పనక్కఱలేదు. స్లాబు మాత్రము పగలంతయు వేడిని త్రాగి, సాయంకాలము ఆఱింటికి మొదలుపెట్టి అర్ధరాత్రి వఱకు లోపల నిద్రించువారిపై దానిని క్రక్కును. మిద్దెపై పండుకొను అలవాటు దొంగల భయముచేత కొంతయు, దోమలచేత కొంతయు, నాగరికతపై మోజుచేత చాలయు తగ్గిపోవుటతో, పాతయింటి సుగుణము పోయి క్రొత్తయింటి దుర్గుణము నిలిచినది. దీనికి ఫ్యాను మందని తలచువారు ఒక సంగతి తెలియవలెను: గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను దేహమును చల్లార్చదు సరిగదా, వేడిగాలిని మీదికి తఱిమి మఱింత కాల్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థయే హెచ్చరించుచున్నది. ఒడలు తడిపికొని దాని క్రింద కూర్చుండుట వేఱు. స్లాబుపై ఏటేట ఫాల్గుణమున తెల్లసున్నము రెండుపూతలు పూయుట, సగము ఎండను వచ్చిన త్రోవనే పంపివేయు చవుక ఉపాయము. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమొకటి ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఈ రీతిగ మార్చ సంకల్పించినది. ఆంధ్రదేశమున ఇట్టి విధానమునకు అనంతపురముకన్న అర్హమైన తావు వేఱొకటి లేదు. తాను తవ్వి దేశమునకెల్ల అమ్ము నల్లబండల నడుమ తాడిపత్రి పడు పాట్లు చూచినవారికి ఈ మాట అతిశయోక్తిగ తోపదు. ఆఱువందల మీటర్లకు పైబడిన ఎత్తుననున్న హిందూపురమువారు, మడకశిరవారు కొంత అదృష్టవంతులు.

హిందూపురమన్నంతనే పట్టుపురుగు జ్ఞాపకము వచ్చుచున్నది. మల్బరీ సాగుచేయు రైతు పురుగుల షెడ్డులోనికి ఏప్రిల్ మధ్యాహ్నమున ఒకసారి పోయి చూడవలెను. పురుగు 24 మొదలు 28 డిగ్రీల నడుమ గాని సుఖింపదు. గాలిలో తేమ నూటికి డెబ్బదికి తగ్గినచో అది మేత మానును, గూడు చెడును, మార్కెట్టులో ధర పడును. కావున షెడ్డుపై కొబ్బరిమట్టలు పఱచి, కిటికీలకు గోనెపట్టలు వ్రేలాడదీసి గంటగంటకు తడిపి, నేలపై ఇసుక పోసి నీళ్ళు చల్లి, కలిగినవారు కూలర్లు బిగించి, బయట 40 డిగ్రీలుండగా లోపల వసంతమును నిలుపుదురు. విజ్ఞానశాస్త్రము, శ్రద్ధ, వ్యయము అన్నియు అచ్చట కలవు. ఆ షెడ్డుకు పది గజముల దూరమున రేకులయింటిలో ఆ రైతు తల్లి విసనకఱ్ఱతో కూర్చుండియుండును. రైతును నిందించుట నా ఉద్దేశము కాదు; పురుగు చచ్చినచో అప్పు తీఱదు, అతని లెక్క సరియైనదే. నేను చెప్పదలచినది, ఈ పీఠభూమిపై చల్లదనమును కల్పించు విద్య మనకు తెలియక కాదనియు, ఎచ్చట లాభము కనుపించునో అచ్చట దానిని వెనుకాడక ప్రయోగించుచున్నామనియు మాత్రమే. ధర్మవరము సాలెవారు గుంటమగ్గములో కాళ్ళు దించి భూగర్భపు చలువను అనుభవించుట కూడ మొదట మగ్గము కొఱకే.

చెట్టు సంగతి వేఱు. అది లెక్క చూడదు. కదిరికి ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున, నంబులపూలకుంట మండలము గూటిబైలులో తిమ్మమ్మ మఱ్ఱిమాను నాలుగెకరముల డెబ్బదిసెంట్లకు పైగా నీడ పఱచియున్నది. 1989లో ఆ మాను గిన్నిసు గ్రంథమునకెక్కినది. అదే మండలమున ఎన్.టి.పి.సి. 2016లో 250 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును పనిలో పెట్టినది. ఒకచోట ఆకు ఎండను త్రాగి నీడ నిచ్చుచున్నది. ఒకచోట అద్దము ఎండను త్రాగి విద్యుత్తు నిచ్చుచున్నది. రెండును మనకు కావలసినవే. కాని విద్యుత్తు తీగలవెంట పట్టణములకు పోయి ఏసీలను త్రిప్పును, నీడ ఉన్నచోటనే ఉండి గొఱ్ఱెల కాపరిని కాచును. చెట్టులేని మైదానమున మిట్టమధ్యాహ్నము గొఱ్ఱెలు ఏమిచేయునో బస్సు కిటికీనుండి చూచినవారికి తెలియును: ఒకదాని పొట్టక్రింద ఒకటి తల దూర్చి, వలయముగ నిలిచి, తమ దేహముల నీడనే తాము పంచుకొనును.

బాటకు ఇరుప్రక్కల కానుగలు, చింతలు, వేపలు ఉన్న కాలమును ఎఱిగినవారు ఇంకను ఉన్నారు. కానుగ చమత్కారమేమనగా, ఎండ ముదురుచుండగనే పాత ఆకు రాల్చి లేత ఆకు తొడిగి, అవసరమైన వేళకు గొడుగు విప్పును. నీళ్ళు పోయుమని అడుగదు. మేక దాని జోలికి పోదు. నాలుగువరుసల రహదారి వచ్చినప్పుడు చెట్లు పోయినవి. రహదారి అక్కఱలేదని ఎవరును అనలేరు. కొట్టినవానికి మాఱుగ నడుమ గట్టున నాటినవి మాత్రము పూలమొక్కలు. అవి కార్లలో పోవువారి కన్నులకు ఇంపు, నడచి పోవువాని నెత్తికి కాదు. వేరుసెనగ ఒక్కటే లక్షలాది ఎకరములను ఆక్రమించిన పిమ్మట చేనిగట్లపై చెట్టు కూడ రైతుకు శత్రువువలె తోచినది, నీడ పడినచోట కాయ తగ్గునని. గట్టుకొక వేపచెట్టు ఉండుటవలన తగ్గు కాయల విలువ ఎంతయో, కలుపుతీయు ఆడువారు ఆ నీడలో గంటసేపు కూర్చుండుటవలన దక్కు ప్రాణముల విలువ ఎంతయో ఎవరును కూర్చి చూడలేదు.

నీటి విషయమున ఈ సీమవారి పూర్వులు మనకంటె దూరదృష్టి కలవారని చెప్పుటకు అనంతపురము ఉనికియే సాక్ష్యము. 1364లో, బుక్కరాయల కాలమున, చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగు నీటిని ఆపి చెఱువు కట్టించిన పిమ్మటనే ఈ పట్టణము పుట్టినది. ఊరు వెలసి చెఱువు త్రవ్వించుకొనలేదు, చెఱువు వెలసి ఊరిని పిలిచినది. ఆ కట్ట నిలుచుటకు ఆత్మార్పణము చేసినదని చెప్పు ముసలమ్మ కథనే కట్టమంచి రామలింగారెడ్డి కావ్యముగ వ్రాసెను. కథ మాట యెట్లున్నను, చెఱువు నిండినయేడు కట్టక్రింది ఊరిలో సాయంకాలపు గాలి తడిసి వచ్చును, బావులలో నీరు మోకాటిలోతు గాక మొలలోతు ఉండును, కుండ నిండును. చెఱువును విడిచి బోరును నమ్మిన తరువాత చలువ భూమిలోపలికి వందల అడుగులు దిగి, విద్యుత్తు ఉన్నవానికి మాత్రమే దక్కు సరకైనది. 1990 దశకపు నడుమ శ్రీ సత్యసాయి సంస్థ అప్పటి ఉమ్మడి జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామములకు త్రాగునీరు గొట్టములద్వారా అందించుట సామాన్యకార్యము కాదు. దానివలన దాహము తీఱినది. అయితే త్రాగుటకు వచ్చిన నీరు గోనెపట్ట తడుపుటకును, పశువుల తొట్టి నింపుటకును, చెట్టుకు పోయుటకును చాలదు. ఆ నీరు చెఱువునుండియే రావలెను. తుంగభద్ర ఎగువ కాలువ నీరు, హంద్రీనీవా కాలువ నీరు, ఏది వచ్చినను మొదట చెఱువులను నింపవలెనని ఇక్కడి రైతులు చేయుచున్న కోరికలో పంటతోపాటు వేసవియు ఇమిడియున్నది.

చలిపందిళ్ళను గూర్చి ఒకమాట. బాటసారికి నీరుపోయుట యజ్ఞమని నమ్మిన జాతి మనది. నేడు చలివేంద్రమును ఏప్రిలులో నాయకుని చిత్రముతో కూడిన గుడ్డతోరణముక్రింద ప్రారంభింతురు, ఛాయాచిత్రములు తీయుదురు, మే మొదటివారమున పోయి చూచినచో తోరణముండును, కుండ బోర్లించియుండును. కుండకు తోరణము అక్కఱలేదు, ప్రతిదినము ప్రాతఃకాలమున నింపు మనిషి కావలెను. ఆ మనిషికి కూలి కావలెను. వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒడలంతయు తడిపి విసరవలెననియు, స్మృతి తప్పినవాని నోట నీరు పోయరాదనియు, 108కి వెంటనే కబురు చేయవలెననియు కూడ ఆ మనిషికి నేర్పినచో, పందిరి సగము వైద్యశాలయగును.

కడపట పనివేళల సంగతి. ఎండను జయించుటకంటె దానికి ఎదురుపడకుండుట మేలని రైతు ఎన్నడో తెలిసికొనినాడు. కోడికూతతో మడకకట్టి, ప్రొద్దు నెత్తికి రాకమునుపే విప్పుట ఆ వివేకమే. బడులకు ఒంటిపూట ఇచ్చుచున్నాము. కార్యాలయములకు అక్కఱలేదు, అవి గదులలో ఉన్నవి. మిగిలినది కూలివాడు, రోడ్డుపై తారు పోయువాడు, ఇటుకబట్టీలో కాల్చువాడు, చెఱువులో మట్టి తీయువాడు. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న దేశమంతటికిని ప్రారంభమైనది ఈ జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లిలో. ప్రధానమంత్రి మన్మోహన్ సింగు స్వయముగ వచ్చెను. దాని క్రింద పనులు మిక్కుటముగ సాగుచు వచ్చినది పొలములు ఖాళీగనుండు వేసవిలోనే. ఉదయము ఆఱింటికి మొదలుపెట్టి పదకొండులోపల ముగించు వాడుకయు, వేసవి నెలలలో కొలత తగ్గించి పూర్తికూలి మునుపు ఇచ్చిన ఏర్పాటును వివేకవంతమైనవి. కొలత తీయువాడు పదింటికి గాని రాకుండుట, హాజరు కొఱకు ఫోనుకు సిగ్నలు దొరకువఱకు ఎండలో నిలువవలసివచ్చుట మాత్రము ఆ వివేకమును కాల్చివేయుచు వచ్చినవి. 2005 నాటి ఆ చట్టపు రెండవ అనుసూచి పనిచోట మంచినీరు, పిల్లలకును విశ్రాంతివేళకును నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండవలెనని శాసించినది. నీడకొఱకని పంపిణీయైన టార్పాలిన్ పట్టలు ఏ గదిలో మడిచియున్నవో, వానిలో ఎన్నింటిని ఎలుకలు కొఱికినవో, ప్రతి పంచాయతీయు ఫిబ్రవరిలోనే విప్పి చూచుకొనవలెను. మార్చి నాటికి ఎండ వచ్చియే యుండును.